రాయిని తూకంలోంచి తీసేయకండి

పాత నగ పట్టుకుని బంగారం షాపుకి వెళ్ళినవాళ్ళకి ఈ లెక్క తెలుసు. ముందు నగ మొత్తం తూస్తారు. అందులో రాళ్ళ బరువు ఎంతుంటుందో చూసి తీసేస్తారు. లోపల లక్క ఉంటే అదీ తీసేస్తారు. మిగిలినదానికి ఆ రోజు రేటు కడతారు. కొన్నప్పుడు మనం ఇచ్చిన మజూరీ, తరుగు ఎటూ తిరిగి రావు. రాళ్ళు ఊడదీసి, చిన్న కాగితం పొట్లం కట్టి మన చేతిలో పెడతారు. మా ఇంట్లో బీరువాలో అలాంటి పొట్లం ఒకటి ఉంది. అమ్మ పెళ్ళినాటి కెంపుల కమ్మలవి ఆ రాళ్ళు. బంగారం ఎప్పుడో చెల్లి కాలేజీ ఫీజు కింద వెళ్ళిపోయింది. రాళ్ళని ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ లెక్కలో రెండు సున్నాలున్నాయి. ఒకటి రాయిది. రెండోది ఆ రాయికి సాన పట్టి, గూడు కట్టి పొదిగిన చేతిది. నగలో మనిషి చేసిన పని ఏదైనా ఉందంటే అది ఈ రెండు చోట్లే ఉంటుంది. తూకంలోంచి మొదట పోయేవి అవే.

శ్రీకాకుళంలో ఉంటూ ఈ విషయం ఆలోచిస్తే మరీ కష్టంగా ఉంటుంది. టెక్కలి, మెళియాపుట్టి, నందిగాం, కోటబొమ్మాళి చుట్టూ కొండల్ని కోసి నీలి గ్రానైట్ బయటికి పంపుతున్నాం. హైవే మీద లారీల్లో ఒక్కో బ్లాకు ఒక్కో గది అంత వెళ్తుంటుంది. ఇటుపక్క నరసన్నపేట బజారులో బంగారం కొట్లు వరసగా ఉంటాయి. పెళ్ళిళ్ళ సీజన్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే. టెక్కలికీ నరసన్నపేటకీ మధ్య గంట ప్రయాణం కూడా లేదు. అయినా రాయి పని తెలిసిన మనిషీ, నగ పని తెలిసిన మనిషీ ఒక బల్ల దగ్గర కూర్చోవడం నేనెక్కడా చూడలేదు. వాళ్ళని కూర్చోబెట్టాలి. మన కొండ రాయితో, మన చేతులతో, చేసిన పనిని చూసి ధర కట్టే నగ ఇక్కడ పుట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కానీ దీనికి అడ్డం వచ్చే ప్రశ్నలు చాలా ఉన్నాయి, వాటికి జవాబు చెప్పకుండా ఈ మాట అనడం న్యాయం కాదు.

ముందు, ఇలాంటి పని వేరే చోట్ల ఎలా జరుగుతోందో చెప్పాలి. నేను వీటిని ఫొటోల్లోనే చూశాను, అయినా చూసిన దగ్గర్నుంచీ మనసులోంచి పోలేదు.

యూరప్‌లో 1960ల నుంచీ కొందరు నగల కళాకారులు బంగారం విలువతో సంబంధం లేకుండా నగ చెయ్యడం మొదలుపెట్టారు. స్విట్జర్లాండ్‌లో పుట్టి మ్యూనిక్‌లో పనిచేసిన ఒట్టో క్యూంజ్లి 1980లో ఒక కడియం చేశాడు. నల్ల రబ్బరు గొట్టం, దాని లోపల ఒక బంగారు గుండు. బయటికి కనిపించేది ఒక ఉబ్బు మాత్రమే. ‘బంగారం కళ్ళకి గంతలు కడుతుంది’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి. లోపల బంగారం ఉందని మనం నమ్మాలి, అంతే. రబ్బరు కోసి చూస్తే నగ పోతుంది. బంగారం ఉంటేనే నగ అనుకునే మనలాంటి ఊళ్ళలో ఆ కడియాన్ని చేతికి ఇచ్చి, ఇప్పుడు దీన్ని ఎలా తూస్తారు అని అడగాలనిపిస్తుంది నాకు.

రాయి దగ్గరికొస్తే, నేను ఎక్కువ గౌరవించేది జర్మనీకి చెందిన బెర్న్డ్ మున్‌స్టైనర్‌ని. 1943లో పుట్టి 2024లో పోయాడు. రత్నాలకి సాన పట్టే ఇంట్లో పుట్టినవాడే. కానీ లెక్క ప్రకారం ముఖాలు, అంటే చదునైన చిన్న తలాలు, తీర్చే పద్ధతి వదిలేసి, రాయి వెనకవైపు నుంచి లోతుగా గాడులు కోశాడు. ముందునుంచి చూస్తే వెలుగు ఆ గాడుల్లో విరిగి, రాయి లోపల ఒక కట్టడం ఉన్నట్టు కనిపిస్తుంది. బ్రెజిల్‌లో దొరికిన ఆక్వామెరైన్ అనే ఒక పెద్ద లేత నీలి రత్నపురాయిని ఆయన ఇలాగే కోశాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 35 సెంటీమీటర్ల ఎత్తు, 10,363 క్యారట్లు, అంటే రెండు కిలోల పైమాటే. వ్యాపారం లెక్క చూసుకుంటే ఆ రాయిని వందల ముక్కలు చేసి ఉంగరాలకి అమ్ముకోవచ్చు. అలా చెయ్యకుండా ఒకటిగా ఉంచాలని నిర్ణయించడమే ఆయన చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.

హాంకాంగ్‌లో వాలెస్ చాన్ ఉన్నాడు. పేద కుటుంబం, చిన్నప్పుడే బడి మానేశాడు, పదహారో ఏట రాళ్ళు చెక్కే పనిలో చేరాడు. పారదర్శకమైన రాయి వెనకవైపు ఒక్క మనిషి మొహం చెక్కితే ముందునుంచి నాలుగైదు మొహాలు కనిపించే పద్ధతిని 1987లో సాధించాడు. దానికి కావలసిన పనిముట్టు ఎక్కడా దొరకక, పళ్ళ డాక్టర్ వాడే డ్రిల్లుని మార్చుకున్నాడు. రాయి వేడెక్కి పగలకుండా నీళ్ళలో ముంచి పనిచేశాడు. ఎస్తోనియాలో జూలియా మరియా క్యున్నప్ అనే ఆమె రాయిని కరిగి కారుతున్న ద్రవంలా చెక్కుతుంది. రాయికి ఒకవైపు చక్కగా ముఖాలు తీర్చి ఉంటాయి, ఇంకోవైపు అదే రాయి చుక్కలు చుక్కలుగా జారిపోతుంటుంది. జర్మనీలో పుట్టి న్యూజిలాండ్‌లో ఉంటున్న కార్ల్ ఫ్రిట్ష్ అయితే రాళ్ళకి బెజ్జాలు వేసి వాటిలోంచి మేకులు దించాడు. మన షాపువాళ్ళు చూస్తే గుండె పట్టుకుంటారు. ఆయన ఉద్దేశమూ అదేనేమో అనిపిస్తుంది నాకు. తిరిగి అమ్మడానికి పనికిరాకుండా చేస్తే, ఇక ఆ నగని నగగానే చూడాలి.

వీళ్ళందరూ గొప్పవాళ్ళు, మనకీ వాళ్ళకీ ఏం పోలిక అంటారేమో. పోల్చాల్సింది మనుషుల్ని కాదు, ఊళ్ళని. మున్‌స్టైనర్ పుట్టిన ప్రాంతంలో ఇడార్-ఒబెర్‌స్టైన్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి కొండల్లో ఒకప్పుడు అగేట్ అనే చారల రాయి దొరికేది. ఏటి నీళ్ళతో తిరిగే పెద్ద ఇసుకరాతి చక్రాల ముందు బోర్లా పడుకుని, కాళ్ళతో తన్నిపట్టి, రాయిని చక్రానికి అదిమేవాళ్ళు. 19వ శతాబ్దం వచ్చేసరికి అక్కడి రాయి తరిగిపోయింది, జనం పొట్ట చేతపట్టుకుని బ్రెజిల్ వలస వెళ్ళారు. 1830ల్లో అక్కడ వాళ్ళకి అగేట్ కనిపించింది. దాన్ని ఓడలకెక్కించి సొంత ఊరికి పంపారు. అంటే రాయి అయిపోయాక కూడా పని మిగిలింది. పని ఉంది కాబట్టి రాయే సముద్రం దాటి వాళ్ళ దగ్గరికొచ్చింది. ఇవాళ ఆ ఊళ్ళో రత్నాలు, నగల డిజైన్ మీద డిగ్రీ చెప్పే కాలేజీ ఉంది. ప్రపంచం నలుమూలల నుంచీ పిల్లలు అక్కడికి వెళ్ళి రాయిని నేర్చుకుంటున్నారు. పోర్చుగల్ నుంచి వెళ్ళిన పట్రీసియా డొమింగెష్ అక్కడే చదివి, రాయిని పగలగొట్టి ఆ పగుళ్ళనే నగలుగా మార్చే పని చేస్తోంది.

మన టెక్కలికి జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. రాయి ఉంది, ఇంకా ఉంది. పని రాలేదు. కొండలోంచి బ్లాకు తియ్యడం, లేదా పలకగా కోసి పాలిష్ పెట్టడం, అక్కడితో మన చెయ్యి ఆగిపోతోంది. ఆ తర్వాత అది ఎక్కడో ఎవరింట్లోనో వంటగది గట్టు అవుతుంది, గడప అవుతుంది, సమాధి మీద పలక అవుతుంది. రేపు ఈ కొండలు అయిపోయాక మన దగ్గర మిగిలేది నీళ్ళు నిండిన గోతులే. ఇడార్ మనుషులకి రాయి పోయినా బతకడానికి ఒక విద్య మిగిలింది.

మన రాళ్ళు ఏమైనా తక్కువవా? తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది. కోణార్క్ గుడి కట్టినది ఎక్కువగా దాంతోనే. దాని నిండా గార్నెట్ ఉంటుంది, నవరత్నాల్లోని గోమేధికానికి దగ్గరి బంధువు. వానలకి కొండ కరిగి, ఆ గార్నెట్ ఏళ్ళ తరబడి ఏటివెంట కొట్టుకొచ్చి సముద్రం ఒడ్డున చేరుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు తీరంలో తెల్ల ఇసుక మీద నల్లగా, ఎర్రగా చారలు కనిపిస్తాయే, ఆ ఎరుపు గార్నెట్‌దే. నలుపు ఎక్కువగా ఇల్మెనైట్ అనే ఖనిజం. అలాంటి ఎర్ర ఇసుకని వేరుచేసి, ఇనుము తోమడానికీ, నీటి ధారతో లోహం కోసే మిషన్లలో వెయ్యడానికీ అమ్ముతారు. ఆ రేణువులు ఒక్కొక్కటిగా పొదగడానికి మరీ చిన్నవి, నిజమే. కానీ వెండి గూట్లో ఆ ఎర్ర ఇసుకనే రెజిన్‌తో బిగించి లాకెట్టు చెయ్యొచ్చు కదా! ఇక విజయనగరం జిల్లా గరివిడి పక్కన కోడూరు ఉంది. దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైన చోట్లలో అది ఒకటి, 1890ల నాటి మాట. అక్కడి గార్నెట్ కలిసిన రాయికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ కోడూరైట్ అని పేరు పెట్టాడు. జియాలజీ పుస్తకాల్లో మన పల్లెటూరి పేరు ఉంది. ఆ రాయి ఎలా ఉంటుందో మన పిల్లల్లో ఎంతమంది చూశారు?

రాయికి పెద్దపీట వెయ్యడం మన నేలకి కొత్త కూడా కాదు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువులు (బుద్ధుడి అవశేషాలు) దొరికింది స్ఫటికంతో చేసిన భరిణెల్లో. బంగారు పూలు కూడా దొరికాయి, కానీ అన్నిటికన్నా పవిత్రమైనది పెట్టడానికి వాళ్ళు ఎంచుకున్నది రాయిని. రెండువేల ఏళ్ళ కిందట ఆంధ్ర దేశంలో స్ఫటికాన్ని అంత నున్నగా తొలిచి, సరిగ్గా మూత కుదిరేలా చేసిన చేతులున్నాయి. మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కినప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. ఆ కొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో లోకానికి చెప్పింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు.

మన దగ్గర ఇప్పుడు రాయిని బంగారం కన్నా ఎక్కువగా చూసేది ఒక్క జాతకం విషయంలోనే. పుష్యరాగం పెట్టుకోమన్నారు, నీలం మాత్రం అందరికీ పడదన్నారు, చూపుడువేలికే పెట్టాలన్నారు, ఇలా. అక్కడ రాయికి ధర ఉంది, కానీ అది గ్రహానికి కట్టిన ధర. సాన పట్టినవాడి పేరు అక్కడా ఉండదు. నమ్మకం ఉన్నవాళ్ళని నేనేమీ అనను. రాయి ఒంటి మీద ఉంటే మనిషికి ఏదో ధైర్యం వస్తుందని ఇంతమంది అనుకుంటున్నప్పుడు, ఆ రాయి మన ఊరి కొండది అయితే ఆ ధైర్యం తగ్గుతుందా అని మాత్రం అడుగుతాను.

ఇప్పుడు అసలు అభ్యంతరం. మా పెద్దమ్మతో ఈ మాట అంటే ఆవిడ వెంటనే అన్నది, ‘రాయి కుదవ పెట్టుకుంటారేటమ్మా?’ అని. దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మన ఆడవాళ్ళకి బంగారం అంటే అలంకారం కంటే ముందు భద్రత. పంట పోయినా, మగమనిషి మంచాన పడ్డా, పిల్లకి సీటొచ్చినా, గంటలో డబ్బయ్యేది అదొక్కటే. భూమి తన పేరు మీద లేని ఆడదానికి తన పేరు మీద ఉన్న ఆస్తి మెళ్ళోదీ చేతులకున్నదీ. మా ఇంట్లోనూ అదే ఆదుకుంది. దాన్ని వదిలి రాళ్ళు పెట్టుకోండి అని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను కూడా.

కానీ ఒకసారి బజారు చూడండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో, పలాసలో, ఏ వీధిలోకెళ్ళినా వన్ గ్రామ్ గోల్డ్ షాపులే. హారాలు, వంకీలు, వడ్డాణాలు, అన్నీ రాగి మీద పూతే. సీజెడ్ అనే నకిలీ వజ్రపు రాళ్ళు, గాజు కెంపులు. వేలకి వేలు పెట్టి కొంటున్నాం. పెళ్ళికి ఒకసారి, రిసెప్షన్‌కి ఒకసారి పెట్టుకుని డబ్బాలో పెట్టేస్తున్నాం. తిరిగి అమ్మితే ఏమొస్తుంది? ఏమీ రాదు. అది తెలిసే కొంటున్నాం. అంటే తిరిగి అమ్ముడుపోని నగకి డబ్బు పెట్టడం మన ఆడవాళ్ళకి ఎప్పుడో అలవాటైంది. కుదవ పెట్టుకునే బంగారం ఒక పెట్టె, ఒంటి మీద పెట్టుకుని నలుగురిలో తిరిగే నగలు ఇంకో పెట్టె, ఈ రెండూ ఇప్పటికే విడిపోయాయి. నేను అడుగుతున్నది రెండో పెట్టె గురించి. ఎక్కడో అచ్చులో పోసి, బంగారంలా కనబడాలని మాత్రమే చేసిన వస్తువుకి ఇచ్చే ఆ డబ్బులో కొంత, ఒక మనిషి ఆలోచించి, చేత్తో చేసిన రాతి నగకి ఎందుకు ఇవ్వకూడదు? పూత రెండు పెళ్ళిళ్ళకి నల్లబడుతుంది. గ్రానైట్ నల్లబడదు.

గ్రానైట్ అనగానే బరువు అంటారు. లెక్క చూద్దాం. నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు, అర సెంటీమీటరు మందం ఉన్న బిళ్ళ చేస్తే 16 గ్రాములు తూగుతుంది. అదే సైజు 22 క్యారట్ బంగారంతో గట్టిగా పోస్తే వంద గ్రాముల పైనే. ఒంటి మీద బంగారం మోసే మనకి రాయి బరువు అనిపించే అవకాశమే లేదు.

అసలు ఇబ్బంది వేరే ఉంది, అది పనిలో ఉంది. నేను ఒక ముక్క పట్టుకుని ఇద్దరి దగ్గరికి వెళ్ళాను. నగలు చేసే ఆచారి గారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, ‘రాయి పని మాది కాదమ్మా. బెజ్జం వెయ్యాలంటే మా డ్రిల్లు అరిగిపోతాది. బెజ్జం వేయించి, అంచులు నున్నగా తీయించి పట్టుకొచ్చేయండి, చుట్టూ వెండి కట్టేస్తాను’ అన్నారు. పాలిషింగ్ యూనిట్లో పనిచేసే అబ్బాయి, ‘ఇంత చిన్నది మా మిషను కింద నిలబడదు మేడమ్, ఎగిరిపోతాది. పెద్ద పలక అయితే తెండి’ అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరికి రాయి మరీ గట్టిది, ఇంకొకరికి మరీ చిన్నది. ఈ ఇద్దరి మధ్య ఖాళీలో ఒక వృత్తి పుట్టాలి, అది ఇంకా పుట్టలేదు.

గ్రానైట్ కూడా సులువైన రాయేమీ కాదు. అగేట్ లోపల అంతా ఒకటే పదార్థం, ఒకే రకంగా అరుగుతుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో క్వార్ట్జ్ 7, ఫెల్‌స్పార్ 6, అభ్రకం 3 కూడా ఉండదు. చిన్న ముక్కకి సాన పడుతుంటే అభ్రకం రేకు ఊడి గుంట పడుతుంది. పలచగా కోస్తే అంచు విరుగుతుంది. పెద్ద పలక మీద ఇది ఎవరికీ కనిపించదు. వేలెడంత బిళ్ళ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి కెంపుల మాదిరి ముఖాలు తీరుస్తాను అంటే ఈ రాయి ఒప్పుకోదు. కొంచెం మందంగా, అంచులు గుండ్రంగా, అద్దంలాంటి మెరుపు లేకుండా పొగమంచు పట్టినట్టుండే పాలిష్‌తో చెయ్యాలి.  ఏ రాయి ఏ ఆకారానికి ఒప్పుకుంటుందో కనిపెట్టడమే ఈ కళాకారుల పనిలో సగం.

న్యూజిలాండ్ వాళ్ళు ఇలాంటి దారిలోనే నడిచారు. అక్కడ 1970ల నుంచీ కొందరు యువ కళాకారులు బంగారాన్నీ వజ్రాన్నీ పక్కనపెట్టి, కాళ్ళ కింద దొరికే రాయి, గవ్వ, ఎముక పట్టుకున్నారు. 1988లో ‘ఎముక, రాయి, గవ్వ’ అనే అర్థం వచ్చే పేరుతో వాళ్ళ నగల ప్రదర్శన ఒకటి దేశం బయట కూడా తిరిగింది. వార్విక్ ఫ్రీమన్ ఆ తరంవాడే. మామూలు అగ్నిపర్వతపు నల్లరాయిని కూడా ఒక గుర్తులా, బ్యాడ్జీలా మెడలో వేసుకునేలా చేశాడు. తర్వాత తరంలో జో షీహన్ అక్కడి పచ్చరాయితో (ఒకరకం జేడ్) బల్బులూ, పెన్నులూ, టీవీ రిమోట్లూ చెక్కాడు. వీళ్ళ పనిని చూసి ఆ దేశం తన రాయిని తాను మళ్ళీ చూసుకుంది.

అక్కడే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది, అది మనకీ రావాలి. ఆ రాయి ఎవరిది? ఆ పచ్చరాయి మావోరీలకి పూర్వీకులతో సమానం. 1997లో అక్కడి పార్లమెంటు చట్టం చేసి, దక్షిణ దీవిలోని ఆ రాయి మీద హక్కుని ఙాయి తాహు తెగకి అప్పగించింది. అదే 1997లో మన సుప్రీంకోర్టు సమత అనే సంస్థ వేసిన కేసులో, అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల విషయమై, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వడం చెల్లదని చెప్పింది. భూగోళానికి ఆ చివర, ఈ చివర ఒకే ఏడాది ఒకే మాట. కొండ రాయితో నగ చేసి, దానికి కళ అని పేరు పెట్టి, కొండ కింద ఊరికి ఏమీ ఇవ్వకపోతే అది క్వారీ వ్యాపారం కన్నా మంచిదేమీ కాదు. సీతంపేట వైపు సవరల గోడ బొమ్మల్లోంచి ఆకారాలు ఎత్తుకొచ్చి లాకెట్ల మీద చెక్కి అమ్ముకోవడం కూడా అంతే. వాళ్ళని అడగాలి, వాళ్ళ చేతే చేయించాలి, వాళ్ళ పేరు పెట్టాలి.

మరిన్ని కొండలు కొయ్యమంటున్నావా అని ఒక స్నేహితురాలు అడిగింది. ఒక్క కొండ కూడా అక్కర్లేదు. క్వారీ దగ్గర సైజుకి రాని ముక్కలు, అంచులు విరిగినవి, పగులు ఉన్నవి గుట్టలుగా పడి ఉంటాయి. ఒక టన్ను అలాంటి రాయి తీసుకుని, అందులో తొంభై శాతం కోతలోనూ సానలోనూ పోయిందనుకున్నా, మిగిలిన వంద కిలోలతో ఇందాక చెప్పిన సైజు బిళ్ళలు ఆరువేల పైన వస్తాయి. ఒక్క లారీ వ్యర్థం ఒక వర్క్‌షాపుకి ఏళ్ళ తరబడి సరిపోతుంది.

మరి ఎవరు చేస్తారు? మన ప్రాంతంలో చిన్న చేతిపని ఎలా నిలబడుతుందో చూపించే ఊళ్ళున్నాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దులోంచి వీణ తొలిచే కుటుంబాలు, అదే చేత్తో బహుమతిగా ఇచ్చే చిన్న వీణలు చేస్తున్నారు. బుడితి ఇత్తడి పాత్రలకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఇత్తడి వంపుల్లో టెక్కలి రాయి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. బంగారం అక్కర్లేదు, వెండి కూడా తప్పనిసరి కాదు. రాతి చెక్కడానికి దుర్గికీ ఆళ్ళగడ్డకీ పేరుంది, తిరుపతిలో శిల్ప కళాశాల ఉంది. అక్కడ చదివిన పిల్లలు విగ్రహాలే చెయ్యాలని రూలేం లేదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు ఒక సెమిస్టరు టెక్కలిలో గడిపినా చాలు, మొదటి పది డిజైన్లు వాటంతటవే వస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఏమాత్రం రాజీపడను. దుమ్ము. గుజరాత్‌లో ఖంభాత్ అనే ఊళ్ళో హరప్పా కాలం నుంచీ వస్తున్న అకీకు (అగేట్) పూసల పని ఇంకా ఉంది. అందమైన పని. ఆ పని చేసినవాళ్ళలో ఎంతోమందికి సిలికోసిస్ వచ్చింది. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి గడ్డకడుతుంది, దానికి మందు లేదు. పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్ళకి కూడా వచ్చింది. ఇడార్‌లో చక్రాల ముందు బోర్లా పడుకున్నవాళ్ళూ ఊపిరితిత్తుల జబ్బులతోనే పోయారు. మన క్వారీల్లో పనిచేసేవాళ్ళ దగ్గు ఎవరూ లెక్కపెట్టడం లేదు. అందుకే ఇంట్లో మూల కూర్చుని పొడిగా రాయి అరగదీసే కుటీర పరిశ్రమ ఎవరైనా పెడతానంటే నేనే అడ్డం పడతాను. కోత, బెజ్జం, సాన, అన్నీ నీళ్ళ కిందే జరగాలి. ఆ బురద ఎండి మళ్ళీ గాల్లో లేవకుండా తడిగానే ఎత్తెయ్యాలి. ఇంటికీ పని గదికీ మధ్య గోడ ఉండాలి.

ఇన్ని చెప్పినా, కావలసిన సరంజామా పెద్దదేం కాదు. చిన్న డైమండ్ బ్లేడు రంపం, రాయి జారకుండా పట్టే బిగింపు, నాలుగైదు రకాల సాన చక్రాలు, నీళ్ళలో ముంచి బెజ్జం వేసే డ్రిల్లు, పక్కన కుంపటి, పట్టకారు, తీగ లాగే కమ్మచ్చుతో ఆచారి గారి బల్ల. ఒక పిండిమర పట్టే గదిలో ఇదంతా సర్దుకుంటుంది. డ్వాక్రా సంఘం అప్పుతో పిండిమర పెట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు, ఇదీ పెట్టుకోగలరు. నేర్పడానికి మాత్రం జీతం ఇచ్చి ఒక సాన పట్టేవాణ్ణి జైపూర్ నుంచో ఖంభాత్ నుంచో తెచ్చుకోవాలి. ఏడాది ఉంచుకోవాలి.

బిల్లు ఎలా రాయాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రాయి ఏ క్వారీది, ఏ ఊరిది అని ఒక వరస. ఇత్తడో వెండో ఎంత పట్టిందన్నది ఇంకో వరస. కోసినవాళ్ళ పేరు, కట్టినవాళ్ళ పేరు, వాళ్ళు ఎన్ని రోజులు కూర్చున్నారో ఆ కూలి. ఊరికి వెళ్ళే వాటా. గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ అనే రెండు గడులు ఆ బిల్లులో అక్కర్లేదు. ఆచారి గారికి ఈ బిల్లు సంగతి చెబితే, పేరు రాయడానికి ఒప్పుకున్నారు గానీ, రోజుకి ఎంత కూలి రాయాలన్న దగ్గర ఆగిపోయారు. ఇన్నేళ్ళూ గ్రాముకింత అని తీసుకున్న మనిషి, రోజుకింత అని చెప్పడానికి మొహమాటపడ్డారు. ఆ అంకె ఆయనే చెప్పాలని నేను పట్టుబట్టాను. ఇంకా చెప్పలేదు.